మన వృత్తి, మన వార్డు

(యానాం కనకాలపేటలో, సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వచ్చిన ఉద్యోగుల సమావేశంలో ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



పండుగకు వచ్చినవారిని ఒకచోట కూర్చోబెట్టి ప్రసంగం వినిపించడం కొంత కఠినమైన పనే. కోడిపందాలు, పిండివంటలు, చుట్టాల పలకరింపులు విడిచిపెట్టి వచ్చారు. మీకు నా కృతజ్ఞతలు. ‘వలస వెళ్లిన విద్యావంతులు, పౌర బాధ్యత’ అన్నది నాకు ఇచ్చిన విషయం. బాధ్యత అన్న మాట వినబడగానే శ్రోతలు గడియారం వైపు చూస్తారని నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా బెంగళూరులో సివిల్ ఇంజనీరుగా బతుకుతున్నవాణ్ణి. ఉపదేశం నాకు చేతకాదు. తెలిసిన కొన్ని సంగతులు చెప్పి, నేను చేసిన ఒక తప్పును మీ ముందు పెడతాను.

సభ ప్రారంభానికి ముందు చాలామందిని ఒకే ప్రశ్న అడిగాను. మీరు కాపురముంటున్న నగరంలో మీ వార్డు ఏది? హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, పుదుచ్చేరి, డాలస్, లండన్ నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. తమ కార్యాలయంలో పైఅధికారికి పైఅధికారి ఎవరో అందరికీ తెలుసు. వార్డు పేరు చెప్పగలిగినవారు ముగ్గురు. వారిలో ఒకరు చెప్పినది పాత పేరు. నవ్వకండి, కొన్నేళ్ల క్రితం అడిగి ఉంటే నా జవాబు కూడా అంతే.

మన యానాం వారికి ఈ ఉదాసీనత అంతగా నప్పదని నేను అనుకుంటాను. 1880 మార్చిలో ఫ్రెంచి ప్రభుత్వం ఒక ఆజ్ఞాపత్రం ద్వారా భారతదేశంలోని తన స్థావరాలను పది కమ్యూన్లుగా ఏర్పరచింది. వాటిలో యానాం ఒకటి. మేయరు, ఎన్నికైన సభ్యుల సభ ఇక్కడికి ఆనాడే వచ్చాయి. ఆ ఎన్నికలు సమానమైనవని నేను చెప్పను. ఐరోపావారికి ఒక ఓటర్ల జాబితా, స్థానికులకు మరొకటి. గుప్పెడుమంది తెల్లవారికి ఉన్న బరువు వేలమంది తెలుగువారికి లేదు. అయినా మన పూర్వులకు జాబితా అంటే ఏమిటో తెలుసు. పేరు ఏ జాబితాలో ఉన్నదన్నదాన్ని బట్టి మనిషి విలువ మారుతుందన్నది వారికి అనుభవం.

ఆ తరువాత 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. ఆ ఏడాది నవంబరు 1న మిగిలిన స్థావరాల పరిపాలన కూడా భారతదేశానికి వచ్చింది. చట్టరీత్యా బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. ఆ రోజు నుంచి ఆరు నెలల గడువులో, కావాలనుకున్నవారు లిఖితపూర్వకంగా తెలిపి ఫ్రెంచి జాతీయతను నిలుపుకోవచ్చునని ఒప్పందంలో ఉంది. తెలుపనివారు భారత పౌరులైనారు. ఒక కాగితం మీద సంతకం చేయడమా, మానడమా అన్న నిర్ణయం బిడ్డల బిడ్డల దాకా పాకింది. అన్నదమ్ములలో ఒకరు ఇటు, ఒకరు అటు అయిన కుటుంబాలు ఆనాటి ఫ్రెంచి స్థావరాలలో ఉన్నాయి. పౌరసత్వాన్ని పుట్టుకతో వచ్చిన మొలతాడులాగా కాక, కూర్చొని ఆలోచించి తేల్చుకోవలసిన విషయంగా చూసిన ఊరు మనది.

వలస కూడా మనకు కొత్తది కాదు. ఇక్కడికి సమీపంలోని కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు ఆ రేవును దెబ్బతీశాయి గాని, దాని పేరును కాదు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. 1820ల చివరలో యానాం నుంచి రీయూనియన్ ద్వీపానికి చెరకు తోటల పనికి మనుషులను ఓడ ఎక్కించారు. అలా వెళ్లినవారికీ మనకూ పోలిక ఏమిటని మీరు అడగవచ్చు. వారు ఒప్పందపు కూలీలు, మీరు నియామకపత్రం చేతబట్టుకొని విమానం ఎక్కినవారు. పోలిక కొంతవరకే. ఆ కొంత పోలిక కోసమే రెండు సందర్భాలు చెబుతాను.

మొదటిది రంగూను. ఆ రేవులో సరుకు దించి ఎత్తే పని దాదాపు మొత్తం మన కోస్తా తెలుగువారి చేతిలో ఉండేది. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే ఆ బర్మీయులను వెళ్లిపొమ్మన్నారు. ఆ ఉదయం రేవు దగ్గర పుట్టిన గొడవ నగరమంతా వ్యాపించింది. రోజుల తరబడి భారతీయులను, ముఖ్యంగా తెలుగు కూలీలను వెతికి వెతికి చంపారు. తప్పు కూలీలది కాదు. ఒకరి కడుపు మీద మరొకరిని నిలబెట్టినవారు వేరే ఉన్నారు. కాని తరాలుగా ఆ నగరాన్ని మోసినవారు ఆ నగరానికి రేవు పనివారుగా తప్ప మరో విధంగా పరిచయం కాలేదు. పక్కనున్న బర్మీయుడితో మాట్లాడడానికి రేవు తప్ప వేరొక వేదిక వారికి దొరకలేదు.

రెండవది మారిషస్. అక్కడ చాలాకాలం ఓటు ఆస్తిపరులకే పరిమితం. 1940ల చివరలో కొత్త రాజ్యాంగం వచ్చింది. ద్వీపంలో వాడుకలో ఉన్న భాషలలో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదివి, వ్రాయగలిగిన వయోజనులకు ఓటు ఇచ్చారు. ఆ భాషల పట్టికలో తెలుగు ఉంది. ఇంతటి అవకాశం వచ్చినప్పుడు జనం ఏం చేశారు? చెరకు కొట్టి వచ్చిన చేతులతో, రాత్రిపూట బడులలో కూర్చొని అక్షరాలు దిద్దారు. స్వచ్ఛంద సేవకులు ఊరూరా తిరిగి నేర్పారు. అంతకుముందు పన్నెండు వేలకు లోపు ఉన్న ఓటర్లు 1948 ఎన్నికల నాటికి డెబ్బై వేలు దాటారు. ఈనాడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. దానిని ఎవరో దయతలచి ఇచ్చారని నేను అనుకోను.

ఓటు కోసం ‘అ’ దిద్దినవారి సంగతి అది. మన సంగతి చూడండి. మీలో ప్రతివారికీ మూడు భాషలు వచ్చు. ఆదాయపు పన్ను పత్రాలు, వీసా దరఖాస్తులు, బ్యాంకు రుణాల ఒప్పందాలు ఒక్క తప్పు లేకుండా పూరిస్తారు. ఓటరు చిరునామా మార్చుకునే ఎనిమిదవ నంబరు ఫారం మాత్రం పదేళ్లుగా ‘రేపు’ అన్న గూట్లో ఉంటుంది.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోలింగు జరిగింది. అంతకుముందు రెండు మూడు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ రహదారి మీద వాహనాలు ఎలా బారులు తీరాయో మీకు గుర్తుంది. మీలో కొందరు ఆ బారులోనే ఉన్నారు. రైళ్లు, బస్సులు దొరకక నిలబడి ప్రయాణించినవారున్నారు. ఆ రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటింది. ఇది గర్వించదగిన విషయమే. కాని 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు పోలింగు సగానికి చేరలేదు. 2022లో చెన్నై నగరపాలక ఎన్నికలలో కూడా అంతే. ఆరు వందల కిలోమీటర్లు వెళ్లి ఓటు వేసే మనిషి ఆరు వందల గజాలు నడవడు! శాసనసభ ఓటు మన కులానికి, ఊరికి, అభిమానానికి సంబంధించినదిగా తోస్తుంది. వార్డు ఓటు మురుగుకాలువకు సంబంధించినది. మురుగు మీద ఎవరికి అభిమానం ఉంటుంది?

ఇక నా సంగతి.

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు ఉన్న వీధికి చివర ఒక పెద్ద వాననీటి కాలువ ఉంది. అక్కడ దానిని రాజకాలువ అంటారు. నా ఉద్యోగమే నీటిపారుదల. మరో దేశంలోని ఒక పట్టణానికి వాననీరు ఎటు పోవాలో, ఏ గొట్టం ఎంత వెడల్పు ఉండాలో నేను గీసిన పటాల ప్రకారం అక్కడ కట్టారు. నా సొంత వీధిలో నీరు ఎటు పోతుందో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కలగలేదు, మేము మూడవ అంతస్తులో ఉంటాము.

ఒక వర్షాకాలం రాత్రి సెల్లారులోకి నీరు వచ్చింది. కార్లు మునిగాయి, బీమా సంస్థలు డబ్బు ఇచ్చాయి. అదే సెల్లారులో ఒక మూల గదిలో మా వాచ్‌మన్ కుటుంబం ఉండేది. రాయచూరు వైపు నుంచి వచ్చినవారు. వారూ నాలాగా వలసవచ్చినవారే. తెల్లవారాక ఆ ఇల్లాలు పిల్లవాడి పాఠపుస్తకాలను ఒక్కొక్క పుట విడదీసి, మెట్ల మీద ఆరబెడుతున్నది. నన్ను చూసి, "సారూ, మీరు ఇంజనీరు గదా, ఈ నీళ్లు ఎందుకొచ్చాయి?" అని అడిగింది. నిందగా అడగలేదు. డాక్టరును జ్వరం ఎందుకొచ్చిందని అడిగినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఎదురింట ఒక కన్నడ పెద్దాయన ఉండేవారు, పదవీ విరమణ చేసిన గుమాస్తా. నెలనెలా వార్డు కమిటీ సమావేశానికి వెళ్లి అర్జీ ఇచ్చి వచ్చేవారు. ఆయన అర్జీలో ‘నీళ్లు వస్తున్నాయి’ అని ఉండేది. ఎందుకు వస్తున్నాయో ఉండేది కాదు. ఆ వారం ఆయనతోపాటు నేనూ వెళ్లాను. అంతకుముందు ఆదివారం లెవల్ పరికరం అద్దెకు తెచ్చి, వీధి పొడవునా ఎత్తులు కొలిచాను. కల్వర్టు అడుగుభాగం కాలువ అడుగు కంటే దాదాపు జానెడు ఎత్తున ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు తీయకుండా పైపైన పొర వేసుకుంటూ పోయారు. నీరు కాలువలోకి దిగకుండా మా గేటు వైపు వాలుతున్నది. ఇదంతా రెండు పుటలలో, ఒక పటంతో వ్రాసి ఇచ్చాను. వార్డు ఇంజనీరు అది చదివి, "ఇన్నాళ్లూ నా దగ్గరికి ఫిర్యాదులే వచ్చాయి సార్, కొలతలు రావడం ఇదే మొదలు" అన్నారు. ఆయన కింద అప్పుడు ఎన్నో వీధులు, ఇద్దరు సహాయకులు. పని జరగడానికి రెండు వర్షాకాలాలు పట్టింది, కాని జరిగింది. మా సెల్లారులోకి ఆ తరువాత నీరు రాలేదు.

ఇక్కడ ముగిస్తే మీరు చప్పట్లు కొట్టేవారు. అపార్ట్‌మెంటు సంఘం వారు నాకు శాలువా కూడా కప్పారు. మరుసటి ఏడాది పెద్దవాన కురిసిన మరునాడు ఆ కన్నడ పెద్దాయన నన్ను పిలుచుకొని పోయి, మా వీధికి దిగువనున్న ఒక సందు చూపించారు. రేకుల ఇళ్లు, నలభై కుటుంబాలు ఉంటాయి. కట్టడపు పనివారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు. మా వీధి నుంచి వేగంగా దిగిన నీరు అక్కడ ఇరుకు మలుపు దగ్గర ఆగి, వారి గడపలు దాటింది. నేను కొలిచినది మా గేటు నుంచి కల్వర్టు వరకే. కల్వర్టుకు దిగువ ఏముందో చూడాలని నాకు తోచలేదు. వృత్తిలో ఏ పట్టణానికైనా ఆ తప్పు చేసి ఉంటే నా పటాన్ని వెనక్కి పంపేవారు. ఎక్కడి నీటినైనా చివరిదాకా అనుసరించడం మా పనిలో మొదటి పాఠం. సొంత వీధిలో మాత్రం నేను ఇంజనీరుగా కాక, ఇంటి యజమానిగా కొలిచాను.

ఆ సందువారికి ఎవరూ శాలువా కప్పించుకోలేదు గనుక విషయం కమిటీ ముందుకు రాలేదు. వారిలో చాలామంది పేర్లు ఆ నగరపు ఓటర్ల జాబితాలోనే లేవు. అద్దె ఒప్పందం ఉండదు, చిరునామా కాగితం ఉండదు. పేరు లేనివాడి దగ్గరికి అభ్యర్థి రాడు.

మధ్యతరగతి విద్యావంతులు పౌర వ్యవహారాలలోకి రావాలని పత్రికలు తరచు వ్రాస్తుంటాయి. రావలసిందే. కాని మనం వచ్చేటప్పుడు మన ప్రహరీగోడను కూడా మోసుకొని వస్తాము. చెరువు శుభ్రం చేయమంటాము, ఆ చెరువు గట్టున గుడిసె వేసుకున్నవాడు ఎక్కడికి పోవాలో అడగము. వీధి వ్యాపారులను తీసివేయమంటాము, సాయంత్రం కూరగాయలకు వారినే వెతుకుతాము. ఇంగ్లీషులో వ్రాసిన మన అర్జీకి కార్యాలయంలో కుర్చీ దొరుకుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు దిగువ సందు గురించి కూడా మాట్లాడవలసి ఉంటుంది. లేకపోతే మన నైపుణ్యం నీటిని ఒక గడప నుంచి మరో గడపకు తోసే పనిముట్టు మాత్రమే అవుతుంది.

ఇక ఆచరణకు సంబంధించిన కొన్ని మాటలు. ఓటరుగా నమోదుకు చట్టం అడిగేది ‘సాధారణ నివాసం’. మీరు పుట్టిన ఊరు కాదు, సొంత ఇల్లున్న ఊరు అంతకన్నా కాదు. అద్దె ఇంట్లో ఉన్నా, మీరు ఉంటున్న చోటే మీ ఓటు. ఒకేసారి రెండు నియోజకవర్గాల జాబితాలలో పేరు ఉండరాదు. ‘ఊళ్లో ఒకటి, సిటీలో ఒకటి ఉంటే ఏం పోయింది’ అని మనవాళ్లు అంటుంటారు; తెలిసి తప్పుడు ప్రకటన ఇవ్వడం శిక్షార్హమైన నేరం. మొదటిసారి నమోదయ్యేవారికి ఆరవ నంబరు ఫారం, చిరునామా మారినవారికి ఎనిమిదవ నంబరు ఫారం. కనకాలపేటలో ఓటు తీసివేయించుకోవడానికి మనసొప్పదని ఇందాక ఒక అమ్మాయి అన్నది. నాకూ ఒప్పలేదు. తల్లిని వదిలినట్టు అనిపించింది. కాని ఇక్కడి మంచినీళ్లు నేను తాగడం లేదు. ఆ నీటి గురించి నిర్ణయించవలసినది తాగుతున్న మా తమ్ముడు.

విదేశాలలో ఉన్నవారి పరిస్థితి వేరు. భారత పాస్‌పోర్టు గలవారు ఆరు-ఏ ఫారంతో స్వస్థలంలో ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా రావాలి. లండన్‌లో ఉన్న మిత్రులకు ఒక మాట: భారతీయులు కామన్వెల్తు పౌరులు గనుక, అక్కడ ఉండడానికి అనుమతి ఉన్న వయోజనులు స్థానిక కౌన్సిలుకే కాదు, పార్లమెంటు ఎన్నికలకు కూడా ఓటర్లుగా నమోదు కావచ్చు. ఇది తెలియక ఏళ్లు గడిపినవారిని నేను ఎరుగుదును. న్యూజిలాండులో శాశ్వత నివాస హక్కు ఉండి, ఏడాది అక్కడ ఉన్నవారికి ఓటు ఉంది. ఫ్రాన్సులో ఐరోపా సమాఖ్యకు చెందని విదేశీయులకు మునిసిపల్ ఓటు సైతం లేదు. యానాం నుంచి వెళ్లినవారికి ఇది వింతగా తోచవచ్చు. అమెరికాలో వీసా మీద పనిచేస్తున్నవారికి శాసనసభలకు, కాంగ్రెసుకు ఓటు లేదు, తొందరపడి నమోదైతే ప్రమాదం కూడా. కాని అక్కడి పట్టణ సభలు, పాఠశాల బోర్డుల సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. లేచి మూడు నిమిషాలు మాట్లాడడానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసే ఏళ్లన్నీ మౌనవ్రతం పాటించనక్కరలేదు.

‘మా నగరంలో అసలు ఎన్నికలే జరగడం లేదు, మేమేం చేయాలి?’ అని బెంగళూరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ 2015లో ఎన్నికైన పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తరువాత అధికారుల పాలనే. 2025లో నగరాన్ని ఐదు నగరపాలక సంస్థలుగా విభజించారు. చెన్నైలో కూడా 2016 నుంచి 2022 దాకా ఎన్నికైన మండలి లేదు. మన యానాం సంగతి మరీ విడ్డూరం. 1880లోనే కమ్యూను అయిన ఈ ఊరికి, పుదుచ్చేరి ప్రాంతాలన్నిటితోపాటు 1968 తరువాత మునిసిపల్ ఎన్నికలు 2006లో జరిగాయి, ముప్పై ఎనిమిదేళ్లకు. ఆ మండలి గడువు తీరిన తరువాత ఇంతవరకు మళ్లీ జరగలేదు. ఐదేళ్లకొకసారి ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలో 1993 నుంచి ఉంది. ఈ వీధిలో ఇరవై ఏళ్ల యువతికి తన వార్డు సభ్యుణ్ణి ఎన్నుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. ఫ్రెంచి వారి కాలంలో ఆమె ముత్తాతకు తెలుసు.

ఎన్నికలు లేనప్పుడు అధికారిని అడగడానికి మిగిలేది కాగితమే. బడ్జెటు, పనుల అంచనాలు, గుత్తేదారుల బిల్లులు సమాచార హక్కు కింద అడగవచ్చు. అడిగి తెచ్చుకున్నవాటిని చదవగలిగినవారు కావాలి. మీలో లెక్కల పరిశోధకులు ఉన్నారు, నర్సులు ఉన్నారు, న్యాయవాదులు ఉన్నారు, సాఫ్ట్‌వేరు వారు లెక్కలేనంతమంది ఉన్నారు. నెలకు ఒక ఆదివారం పూట చాలు. నా లెవల్ పరికరం అద్దె ఆ రోజుకు ఒక కుటుంబం హోటలులో భోంచేసినంత కూడా కాలేదు.

ఆ దిగువ సందు మలుపును ఈసారి చివరిదాకా, రాజకాలువలో కలిసే చోటు వరకు కొలవాలని వార్డు ఇంజనీరును ఒప్పించాము. పండుగ అయిన తరువాత వచ్చే రెండవ ఆదివారం, ఉదయం ఏడు గంటలకు మొదలుపెడతాము. సందులోని నలుగురు పెద్దలు దగ్గరుండి చూపిస్తామన్నారు. ఆ కన్నడ పెద్దాయనకు మోకాళ్ల నొప్పి, అయినా వస్తానన్నారు. స్కేలు పట్టుకోవడానికి ఇద్దరు, వ్రాసుకోవడానికి ఒకరు కావాలి. బెంగళూరు వెళ్లే బండిలో నాతోపాటు ఎక్కేవారు ఎవరైనా ఉంటే, సభ ముగిశాక వచ్చి కలవండి. ఫారాలు తలుపు పక్కనున్న బల్ల మీద ఉన్నాయి. పూరించడంలో సందేహముంటే నేను ఎనిమిది గంటల వరకు ఇక్కడే ఉంటాను.